కుక్కకు పెట్టిన వరుసలు

లింగాల ఘనపూర్‌లో మా పక్కింటి సైన్సు సారు, నేను ఒకే ఈడువాళ్లం. మొదటి తెలంగాణ ఉద్యమంలో ఇద్దరం కలిసే కాలేజీ ఎగ్గొట్టాం. ఉద్యమం మళ్లీ మొదలైన ఏడాది ఆయన ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. దాన్ని "బిడ్డా" అని పిలిచేవాడు. రెండేళ్లకు "తమ్మీ" అన్నాడు. ఆ తర్వాత "అన్నా" అనడం విని నేను ఊరుకోలేదు.

"కుక్కనేమో అన్నా అంటవ్, నన్నేమో అరేయ్ అంటవ్!"

"నీ ఈడు నాతోని నడుస్తది. వానిది ఉర్కుతది," అన్నాడు. ఎలుకకు రెండు మూడేళ్లేనని, ఏనుగు అరవై దాకా బతుకుతుందని, కుక్కల్లో మాత్రం పెద్ద జాతులే చిన్నవాటికంటే ముందు పోతాయని చెప్పాడు. ఎందుకని అడిగాను.

"గది ఇంక పూర్తిగ ఎవలకు తెల్వదు."

ఆయనది పెద్ద కుక్క.

రిలే దీక్షల టెంటుకు రోజూ దాన్ని వెంట తెచ్చేవాడు. "తెలంగాణ వచ్చిన్నాడు ఇద్దరం ఊరేగింపుల ముంగట నడుస్తం," అనేవాడు. అప్పటికే దాని మూతి నెరిసింది. పిలుపు తండ్రిని పిలిచినట్టు "బాపూ" అయింది.

రాష్ట్రం వచ్చిందని తెలిసిన సాయంత్రం డప్పులు మా వాడకు వచ్చాయి. ఆయన్ను పిలవడానికి వెళ్లాను. కుక్క అరుగు మీద పడుకుని ఉంది. పక్కనే పటాకులు పేలినా చెవి కదల్చలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది. నా చేతిలోని గులాల్ రంగు చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బాపు లేస్తలేడు. నువ్వు పోరా."

ఊరేగింపులో చివరిదాకా నడిచాను. గులాల్ ఎవరికీ పూయకుండానే ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాను.