తుడిచిన రెక్క

చాలా ఏళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. ఫోన్ మోగితే ముందు గుండె జారేది, తర్వాతే చెయ్యి కదిలేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది నస్పూర్, బొగ్గు గనుల ఊరు. మా బాపు, అంటే నాన్న, బొగ్గు బాయిలో పనిచేసేవాడు. మా ఇంట్లో కంచం తుడవకుండా అన్నం పెట్టరు. కడిగి బోర్లించిన కంచం మీద కూడా కాసేపట్లోనే నల్లటి దుమ్ము పడుతుంది. ఆ అలవాటును వెంటబెట్టుకునే విమానాల రెక్కలు డిజైన్ చేసే పనిలో చేరాను.

మేం తయారు చేసింది పొట్టి రన్‌వే మీద దిగే చిన్న విమానం. మెల్లగా దిగాలంటే రెక్క వెనక అంచును బాగా కిందికి వంచాలి. అంత వంపులో గాలి రెక్కను వదిలేస్తుంది, రెక్కకు మోసే బలం పోతుంది. అందుకని వంపు దగ్గర సన్నటి చీలికలు పెట్టి, వాటిలోంచి గాలిని జోరుగా ఊదుతాం. అప్పుడు పైనుంచి వచ్చే గాలి కూడా రెక్కను అంటిపెట్టుకొని పోతుంది.

విండ్ టన్నెల్‌లో, అంటే విమానం నమూనాను గాలికి పెట్టి చూసే సొరంగంలో, ప్రతి పరీక్షకు ముందు ఆ చీలికలను నేను మెత్తటి గుడ్డతో తుడిచేదాన్ని. ఎవరూ తుడవమనలేదు. తుడుస్తున్నానని నేనూ ఎవరికీ చెప్పలేదు. కంచం తుడిచినట్టే, చెయ్యి దానంతటదే తుడిచేది.

ఒకరోజు తొందరలో తుడవలేదు. పరీక్ష మధ్యలో ఎడమ రెక్క బలం ఒక్కసారిగా పడిపోయి మోడల్ గజగజ వణికింది. ఆపి చూస్తే ఎడమవైపు చీలికల్లో దుమ్ము. అంటే మేం అందరికీ చూపించిన మంచి ఫలితాలన్నీ తుడిచిన రెక్కవే! ఆకాశంలో ఎవరు తుడుస్తారు? చెబితే పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి, నా పరువు పోతుంది. తుడిచాను. మళ్లీ నడిపాను. ఇందాక వైరు వదులైందని చెప్పాను. అందరూ నమ్మారు.

విమానాన్ని మొదటిసారి ఎగరేసే ముందు పైలట్ నా దగ్గరికి వచ్చాడు. మంథని అబ్బాయి. తమ దిక్కు మనిషినని నన్ను అక్కా అని పిలిచేవాడు.

"అక్కా, ఒక దిక్కు గాలి బందైతే ఎట్ల? ఒరుగుతదా?"

"ఏం గాదు తమ్ముడూ. ఫికర్ చెయ్యకు."

"నువ్వు చెప్పినంక ఇగ నాకేం భయం," అని నవ్వుకుంటూ వెళ్లాడు.

భయపడి అబద్ధమాడానా, గర్వంతోనా? భయమేనని ఇన్నాళ్లూ నన్ను నేను ఊరడించుకున్నాను. కానీ అసలు భయపడాల్సిన మనిషికి ధైర్యం చెప్పి పంపినదాన్ని, నాదేం భయం? విమానం ఇప్పటిదాకా పడలేదు. అది క్షేమంగా దిగిన ప్రతిసారీ ఈసారికి గండం గడిచిందనుకున్నాను తప్ప ఊరట పడలేదు.

ఆ విమానం ఈ మధ్య మా బొగ్గు గనుల పక్కనున్న రన్‌వే మీద కూడా దిగుతోందని పోయిన వారం తెలిసింది. నడిపేది ఆ మంథని అబ్బాయే. ఆ దుమ్ము నాకు తెలుసు. ఇక ఉండలేకపోయాను. ఆఫీసులో అంతా చెప్పేశాను. విమానాన్ని ఆపారు. తర్వాత అతడికి ఫోన్ చేశాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మొన్న నా బిడ్డను ఎక్కించుకొని గా రన్‌వే మీదనే దిగిన అక్కా," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఇక రాదు కూడా. ఆ పాప పదే పదే గుర్తొస్తోంది. అయినా చెప్పేశాను. ఇన్నేళ్లకు ఊపిరి నిండా అందుతోంది.