బాలింతకు దక్కని సొర

కోరంగి పల్లెపాలెంలోని అప్పాయమ్మను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బాలింతల అప్పాయమ్మ అనేవారు. ఏ ఇంట పురుడు వచ్చినా, తల్లికి పాలు పడటానికి సొరచేప ముక్కలు గంపకెత్తుకుని ఆమె వెళ్లాల్సిందే. వెల్లుల్లి వేసి పొరటు ఎలా చేయాలో కూడా గుమ్మంలో నిలబడి చెప్పేది. అప్పట్లో సొరలో పారేసేది ఉండేది కాదు. కాలేయపు నూనె పడవలకు పూసేవారు. గరుకు తోలుతో వడ్రంగులు కర్ర నున్నగా రుద్దుకునేవారు.

తర్వాత రేవులోకి సొర రెక్కలు కొనే షావుకారు దిగాడు. చీనా ఓడలకు ఎక్కించడానికి అతనికి రెక్కలు చాలు. ఉప్పు మీద పన్ను చూస్తే మాంసం ఎండబెట్టే దారి లేదు. మనవాళ్లు రెక్కలు కోసుకుని, ప్రాణమున్న చేపను సముద్రంలోకే తోసేయడం మరిగారు. రెక్కల్లేని సొర ఈదలేదు. రాయిలా మునుగుతుంది. చీనాలో ఎవరో ధనికులు తాగే రెక్కల చారు కోసం చేపను చంపి చేపనే పారేసే తెలివి మనకు అంత తొందరగా అబ్బింది.

అప్పాయమ్మ కూతురు రామతులసికి తొలికాన్పు అయింది. పాలు పడలేదు. మేకపాలు పోస్తే పిల్ల కక్కేసింది. అల్లుడు బుల్లిరాజు వేటలో ఉన్నాడు. అప్పాయమ్మ ఒడ్డునే కాచుకుని కూర్చుంది. పడవ కనబడగానే నీళ్లలోకి దిగి తొంగిచూసింది. అడుగంతా రెక్కలు.

"చేపేది అల్లుడూ?"

"చోటెక్కడిదత్తా? రెక్కలు కోసుకుని వదిలేశాం."

"నీ పెళ్లాం నీళ్లాడిందయ్యా. ఒక్క ముక్కయినా లేదా?"

బుల్లిరాజు రెక్కలు ఒడ్డుకు దించడం మొదలుపెట్టాడు. వాటిని తూచే షావుకారు గుమాస్తా నవ్వాడు.

"రెక్కే పట్టుకెళ్లి వండిపెట్టవే. చీనా రాజులు తినే కూడు!"

ఆమె నిజంగానే ఒకటి పట్టుకెళ్లింది. పొద్దంతా ఉడికించినా జిగురు పోగులే మిగిలాయి. ఉప్పు వేస్తే ఉప్పు రుచి, లేకపోతే అదీ లేదు. రామతులసి కళ్లు మూసుకుని మింగింది. పేరు పెట్టకముందే పిల్ల పోయింది.

మరుసటి వేటకు బుల్లిరాజు నిండు సొరను భుజాన మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. రామతులసి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పాయమ్మ కత్తిపీట వేసుకుని చేపను కోసింది. రెక్కలు అల్లుడి కాళ్ల దగ్గర పడేసి, ముక్కలు గంపకెత్తుకుని తాళ్లరేవు వెళ్లింది.

అక్కడ పురుడు వచ్చిన ఇంట, బాలింత వాళ్లమ్మ గంపలోకి చూస్తూ అడిగింది.

"నీ కూతురూ కన్నదటగా అప్పాయమ్మా, దానికుంచావా?"

"పొయ్యి రాజెయ్యమ్మా," అంది అప్పాయమ్మ. "ముక్క మెత్తబడిపోద్ది."