పిలుపు రాని సాక్షి

కోవిడ్‌కు ముందటి ఏడాది. ఒక దినపత్రికకు నాంపల్లి కోర్టుల వార్తలు రాసేవాణ్ని. కోర్టు హాలు బయట బెంచీ మీద, ప్రతి వాయిదాకూ వచ్చి కూర్చునే సుగుణమ్మ గారు అక్కడే పరిచయమయ్యారు. రిటైరైన టీచరు. అబిడ్స్‌లో ఒక చర్చి సభ్యురాలు.

ఆ చర్చి ముందే, ఆరాధన ముగిసిన వేళ, ఒక కారు పూలమ్మే ముసలామెను గుద్ది కాలు విరగ్గొట్టింది. నడిపింది సంఘపెద్ద కొడుకు. సుగుణమ్మ కళ్లారా చూశారు. కేసు మాత్రం వాళ్ల డ్రైవరు యాదగిరి మీద పడింది. పోలీసులు ఆమెను సాక్షిగా రాసుకున్నారు గానీ, కారు నడిపిందెవరన్న ఆమె మాట రాసుకోలేదు.

ఆ మాట కోర్టులో చెప్పేదాకా చర్చిలో నెలకోసారి అందరూ పంచుకునే ప్రభు భోజనపు రొట్టె ముట్టనని ఆమె నిర్ణయించుకున్నారు. ఆ రొట్టె పళ్లెం తన ముందుకు రాగానే పక్కవాళ్లకు అందించేసేవారట.

"సంఘపెద్ద ఏమన్నా అన్నారా అమ్మా?" అని ఒకసారి అడిగాను.

"క్షమించుమన్నడు బాబూ. క్షమిస్త. ముందుగాల తప్పు ఎవలదో చెప్పాలె గద! చెయ్యనోన్ని ఏమని క్షమిస్త?"

అటుగా పోతున్న ప్లీడరొకాయన నవ్వాడు. "టీచరమ్మా, జడ్జి గారన్నా సెలవు పెడ్తరు గానీ మీరు పెట్టరు!"

"నీకు వాయిదాకో ఫీజు. నాకు ఒక్కనాడు అడిగితే చాలు," అన్నారామె.

సాక్షుల విచారణ రోజు రానే వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లచీరలో వచ్చారు. కేసు పిలవగానే, అంతకుముందు నేరం కాదన్న యాదగిరి చేతులు కట్టుకుని, "తప్పయింది సార్, ఒప్పుకుంటున్న" అన్నాడు. కోర్టు భాషలో ఇది ప్లీడింగ్ గిల్టీ. నిందితుడే ఒప్పుకున్నాక సాక్షులతో పని ఉండదు. జరిమానా వేశారు. సుగుణమ్మను ఎవరూ పిలవలేదు.

మెట్ల దగ్గర ఆమె అతన్ని ఆపారు.

"ఏందిర యాదగిరీ, చెయ్యనిది చేసిన్నంటివి?"

"నా బిడ్డను మా సార్ వాళ్లే చదివిస్తున్రు టీచరమ్మా. మీరు నోరిప్పితే పోరి చదువు బందయితది. మీ కాళ్లు మొక్కుత, గీడికి ఇడిసిపెట్టున్రి."

ఆమె పక్కకు జరిగి అతనికి దారిచ్చారు.

రికార్డుకెక్కని ఆరోపణ పత్రికలో అచ్చు కాదు. నేరం అంగీకరించిన డ్రైవరుకు జరిమానా అని మూడు లైన్లు రాసి పంపాను.

తర్వాత కొన్నాళ్లకు అబిడ్స్‌లో కనిపించారు. "రొట్టె తీసుకున్నారా అమ్మా?"

"లే బాబూ. పళ్లెం పట్టుకొచ్చేది ఆ పెద్దమనిషే. నేను ఆయన మొహం చూస్త. ఆయన పళ్లెం చూస్తడు."

నేరం ఒప్పుకుంటే కేసు ముగుస్తుందని నాకు ముందే తెలుసు. నిజం తేలకుండానే ముగియవచ్చని ఆమె వల్ల తెలిసింది. ఇప్పటికీ హాల్లో ఎవరైనా "ఒప్పుకుంటున్నా" అంటే నా చూపు సాక్షుల బెంచీ వైపు పోతుంది. ఇస్త్రీ బట్టలతో ఎవరో ఒకరు, పిలుస్తారని కూర్చుని ఉంటారు.