తుడిచాకే విప్పాలి

మా షాపులో ఆమెను అందరూ చూపులక్క అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది కానీ, అప్పట్లో అందరం నవ్వుకున్నాం. ఆమె కూడా నవ్వింది.

పాత ఫోన్లను బాగుచేసి మళ్లీ అమ్మకానికి సిద్ధం చేసే చోటు మాది. షాపు అంటే అద్దాల తలుపు, రంగుల బోర్డు ఉంటాయనుకోకండి. ఒక గోదాము మేడ మీద పొడుగాటి గది. కిటికీల పక్కన ఆరు బల్లలు, బల్లకొక దీపం, ఒక భూతద్దం, ఒక టంకం కడ్డీ. మూలన ఇసుక నింపిన బకెట్టు. ఉబ్బిన బ్యాటరీ కనబడితే మాటామంతీ లేకుండా తీసుకెళ్లి అందులో పూడ్చాలి. గది నిండా స్పిరిటు వాసన, కాలిన బంక వాసన. ఇంటికెళ్లి స్నానం చేసినా ఆ వాసన వేళ్లను వదలదు. మా ఓనరు ప్రతి ఫోనుకీ ఎ, బి, సి అని గ్రేడు వేసేవాడు. అలవాటు ముదిరి టీకి, వానకి, మాకు కూడా వేసేవాడు. నేను బి. చూపులక్క ఒక్కతే ఎ.

అది అబద్ధం కాదు. చేతిపనిలో ఆమెకు సాటి లేరు. మేమంతా చేతులెత్తేసిన ఫోను ఆమె బల్ల మీదికి వెళ్లేది. బోర్డు మీద ఎక్కడ దారి తెగిందో వెతికి పట్టుకుని, వెంట్రుకంత తీగతో అతికి, దానికి ప్రాణం పోసేది. ఆ తీగ కూడా కొన్నది కాదు. పాడైన ఇయర్‌ఫోన్ల వైరు చీల్చి, లోపలి ఆకుపచ్చ పోగు ఒకటి లాగి వాడేది. అతుకు చివర చిన్న మెలిక వేసేది. ఎందుకక్కా అంటే "జారకుండా" అనేది. ఆ మెలిక వేసేవాళ్లు నాకు ఇంకెవరూ తగల్లేదు.

చచ్చిన రెండు ఫోన్లలోంచి బతికిన ఒకటి తియ్యడం మా పని. దాన్ని దేశసేవ లాగా చెప్పుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఒక మాట చెప్పాలి. పారేసిన వైర్లనూ బోర్డులనూ తగలబెట్టి రాగి ఏరుకునే చోటు నేను చూశాను. ఆ పొగలో పది నిమిషాలు నిలబడితే వారం రోజులు దగ్గు వదల్లేదు. అక్కడే పుట్టి పెరిగే పిల్లలున్నారు. మా బల్ల మీద బాగుపడిన ప్రతి ఫోనూ ఆ మంటలో పడకుండా తప్పించుకున్నదే. కొత్తది కొనే తాహతు లేని మనిషి చేతిలో అది ఇంకో మూడేళ్లు మోగుతుంది. నాకు ఆ మాత్రం చాలు.

పనికి ఒక వరస ఉంది. సరుకు రాగానే ముందు ఛార్జింగు పెట్టాలి. తెర వెలిగిన వెంటనే లోపలి సమాచారమంతా తుడిచెయ్యాలి. ఆ తర్వాతే మూత విప్పాలి. దుమ్ము దులపడం, బ్యాటరీ మార్చడం, ఛార్జింగు పిన్ను అతకడం, ఒక రోజంతా ఆన్‌లో పెట్టి పరీక్షించడం, అన్నీ ఆ తర్వాతే. వేరే షాపులో ఎవడో ఒక వెధవ ఎవరివో ఫోటోలు తీసి పది మందికీ పంచాడు. ఆ షాపు మూతపడింది. అప్పటి నుంచి మా ఓనరు గోడ మీద ఒకే వాక్యం రాయించాడు: తుడిచాకే విప్పాలి. తుడవడానికి పన్నెండు గుంతలున్న ఒక పెట్టె ఉంది. పన్నెండు ఫోన్లు గుచ్చి ఒక మీట నొక్కితే పన్నెండూ ఒకేసారి ఖాళీ. పైగా ఆ యంత్రం ఉత్తినే చెరపదు. చెరిపిన చోట చెత్త రాసి, దాన్ని మళ్లీ చెరిపి, అలా మూడు సార్లు చేస్తుంది.

చూపులక్క మాత్రం ఆ పెట్టె వాడేది కాదు. ఫోన్లను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, వెలిగించి, తెర మీది బొమ్మను ఒక్క క్షణం చూసి, అప్పుడు తుడిచేది. లోపలికి వెళ్లేది కాదు. ఆ మొదటి బొమ్మ, అంతే.

"ఏంటక్కా, పెళ్లిచూపులా? అబ్బాయి నచ్చాడా?" అనేవాణ్ణి.

"ముక్కు బాలేదురా. పంపించేస్తున్నా" అని తుడిచేసేది.

ఎందుకు చూస్తుందో నాకు తెలుసు. తెలిసే ఎగతాళి చేసేవాణ్ణి. ఆమెకు భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక తమ్ముడు, అతని భార్య. ముగ్గురిదీ ఒకే ఇల్లు. తమ్ముడు పనిచేసే అచ్చాఫీసు మూతబడితే, వేరే చోట పని చూసుకుంటానని బస్సెక్కాడు. వెళ్తూ అక్క తన చేతులతో బాగుచేసి ఇచ్చిన ఫోను పట్టుకెళ్లాడు. మూడో రోజు ఒకసారి మాట్లాడాడు. ఆ తర్వాత ఫోను మోగలేదు. ఫిర్యాదులు ఇచ్చారు, ఊళ్లు తిరిగారు. పంతొమ్మిది నెలలైంది. మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియదు.

ఒకసారి టీ తాగుతూ తనే చెప్పింది. "ఎవడు కొట్టేసినా, ఎక్కడ పారేసినా, తిరిగి తిరిగి ఫోను ఎప్పటికైనా మనలాంటి వాళ్ల బల్ల మీదకే వస్తుంది కదరా. వాడి ఫోను తెర మీద వాడూ, మా మరదలూ ఉంటారు. అది కనబడితే చాలు. ఎవరితో మాట్లాడాడో, ఎక్కడ ఫోటో తీశాడో, ఆఖరు రోజు ఏదో తెలుస్తుంది."

"కొన్ని లక్షల ఫోన్లక్కా."

"తెలుసు. చూస్తే నీ సొమ్మేం పోయింది?"

షాపులో నన్ను తొందర అనేవారు. అది ఆమె పెట్టిన పేరు, చెల్లుకు చెల్లు. ఆ వారం ఒక బడికి రెండు వందల ఫోన్లు పంపాలి. పిల్లలకు పాఠాలు వాటిలోనే. ఓనరు పొద్దున్నుంచీ మా నెత్తి మీదే ఉన్నాడు. మధ్యాహ్నం మరదలికి జ్వరం పెరిగిందని కబురొచ్చి చూపులక్క ఇంటికి వెళ్లిపోయింది. ఆమె బల్ల మీద ఛార్జింగు ఎక్కిన ఫోన్లు నలభై ఎనిమిది మిగిలాయి. నేను వాటిని పెట్టెలో గుచ్చి నాలుగు సార్లు మీట నొక్కాను. సాయం చేద్దామనే చేశాను. కానీ అందులో విసుగు కూడా ఉంది. ఒక్కో ఫోనుకీ ఆ చూపేమిటి, ఈ లెక్కన ఎప్పటికి తెములుతుంది అని. ఆ విసుగు సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఆమె వచ్చి ఖాళీ ట్రేల వైపు చూసింది.

"అన్నీ అయిపోయాయా?"

"నీ పెళ్లికొడుకులందర్నీ సాగనంపేశానక్కా."

"పోన్లే. మంచి పనే చేశావు" అని కూర్చుంది.

మూడో రోజు వాటిని విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. ఆమె చెయ్యి ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు, అందుకే తలెత్తాను. భూతద్దం నా వైపు తిప్పి, "ఒకసారి చూడరా" అంది. చూశాను. మామూలు మోడలు, అలాంటివి బుట్టలకొద్దీ వస్తాయి. వెనక మూత ఎవరో మార్చారు. లోపల ఛార్జింగు పిన్ను పక్కన ఆకుపచ్చ పోగు. దాని చివర మెలిక.

"నా చెయ్యే కదరా ఇది? ఈ మోడల్లో ఇక్కడ నేను అతికింది మా తమ్ముడిదొక్కటే."

ట్రేకి అంటించిన చీటీ మీద తుడిచిన తేదీ, తుడిచినవాడి గుర్తు రాసి ఉంటాయి. గుర్తు నాది. ఆమె చీటీ చదివింది. పీకి, నాలుగు మడతలు పెట్టి, తన సంచిలో వేసుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఓనరు ఆ రోజు గ్రేడులన్నీ మరిచిపోయాడు. తలుపు వేసి, తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఎలా వెలిగించినా ఆ ఫోను కొత్తదానిలాగా 'స్వాగతం, మీ భాష ఎంచుకోండి' అని అడిగింది. ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది.

సరుకు తెచ్చే మూటలాయన దగ్గరికి ఆమెను నేను తీసుకెళ్లాను. ఆయన నిజాయితీగానే చెప్పాడు. ఆ వారం మూడు చోట్ల నుంచి మూటలొచ్చాయట. ఒకటి పాత ఫోన్లు కొనే దుకాణానిది. ఒకటి బస్సుల్లో జనం మర్చిపోయినవి. మూడోది ఆసుపత్రిది, చనిపోయాక తమవాళ్లెవరూ రాని మనుషుల వస్తువులు. మూడూ ఒకే కుప్ప పోసి మోడలు వారీగా ఏరేశారు.

"అంటే అమ్ముకున్నాడో, పారేసుకున్నాడో, పోయాడో" అంది ఆమె.

ఆసుపత్రికీ వెళ్లాం. రిజిస్టరులో ఆ వయసు మగవాళ్లు ముగ్గురు, ముగ్గురి దగ్గరా ఫోన్లున్నాయి, పేర్లు లేవు. గుమాస్తా మంచివాడు. "మా దగ్గర ముఖాల ఫోటోలు లేవు. లోపల ఆఖరిసారి మాట్లాడిన తేదీ ఉన్నా రిజిస్టరుతో పోల్చి చెప్పేవాళ్లమమ్మా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను కిటికీ బయటికి చూశాను.

ఇంటికి బండి మీద దింపాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. మరదలికి నేనే చెప్పాలి, తుడిచింది నేను, మీ వదినది తప్పు లేదు అని. గుమ్మం ముందు చెప్పులు విప్పాను. ఒకటే గది, మంచం, కుట్టు మిషను. జ్వరం నుంచి అప్పుడే తేరుకున్న ఆ అమ్మాయి మంచం మీద ఉంది. చూపులక్క పక్కన కూర్చుని ఫోను ఆమె చేతిలో పెట్టింది.

"మనవాడిదే. నా అతుకు ఉంది లోపల."

ఆ అమ్మాయి ఫోనును రెండు చేతుల్తో పట్టుకుంది. ముఖంలోకి కళ వచ్చింది. వెలిగించింది. భాష ఎంచుకోమంది.

"ఇందులో ఏం లేదేంటి వదినా?"

"తుడిచేశాం. షాపులో."

"ఎవరు?"

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. చూపులక్క నా వైపు చూడకుండానే, "నేనే" అంది.

ఆ అమ్మాయికి వదిన అలవాటు తెలుసు. పంతొమ్మిది నెలలుగా రోజూ సాయంత్రం, ఇవాళ ఎన్ని చూశావు వదినా అని అడిగిన మనిషి.

"నువ్వు చూడకుండా ఏదీ తుడవవు కదా" అంది మెల్లగా. "అంటే చూశావు. ఏం చూశావు వదినా? ఎవరితో ఉన్నాడు? నాకు తెలియకూడదని తుడిచేశావా?"

చూపులక్క అప్పుడు నా వైపు చూసింది. అడగడం కాదు. తను అన్న మాట ఎక్కడికి పోయిందో ఆమెకు అప్పుడే అర్థమైంది. నేను ఒక్క ముక్క చెబితే సరిపోయేది. తర్వాత చెబుదాంలే, వాళ్లిద్దరూ కాస్త కుదుటపడ్డాక అనుకున్నాను. జీవితంలో మొదటిసారి నేను తొందరపడలేదు.

"చెప్పు వదినా. బతికే ఉన్నాడు కదా? నువ్వు చూశావు కదా?"

ఆ ఆశను తుంచడం చూపులక్క వల్ల కాలేదు. ఆ అమ్మాయి మరుసటి వారం వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. భర్త ఎక్కడో ఎవరితోనో హాయిగా ఉన్నాడని, ఆడపడుచు తమ్ముడి గుట్టు దాచిందని అక్కడ అందరికీ చెబుతోందట. చూపులక్క ఇప్పుడు ఒక్కతే ఉంటోంది. ఫోన్లు పెట్టెలోనే గుచ్చి, పన్నెండేసి చొప్పున తుడుస్తోంది. నా బల్ల ఇప్పటికీ ఆమె పక్కదే. పొద్దున్న రాగానే టీ తాగావా అని అడుగుతుంది. తాగానక్కా అంటాను.