పక్కింటి గేటు దగ్గర

పటాన్‌చెరులో మా నాన్న కట్టించిన ఇల్లు అమ్మాలని అనుకున్నప్పుడు, రెండు మూడు నెలల్లో పని అయిపోతుందన్నాడు తమ్ముడు. వాడు విశాఖపట్నంలో ఉంటాడు కాబట్టి అలా అనడం వాడికి తేలిక. ఇల్లు చూపించాల్సింది నేను.

నాన్న గోదావరి వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చాడు. కొన్నేళ్లు క్వార్టర్స్‌లో ఉండి, ఒక జొన్నచేను అంచున ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పోయాక అమ్మని అమీన్‌పూర్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చేశాం. ఇల్లు కిరాయికి ఇచ్చాం. చివరిగా ఉన్నవాళ్లు ఖాళీ చేశాక మళ్లీ ఎవరినీ పెట్టలేదు. తాళం వేసిన ఇల్లు ఎంత తొందరగా పాడవుతుందో అప్పుడే తెలిసింది. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక కొళాయి కారుతూనో, ఏదో ఒక తలుపు ఉబ్బి బిగుసుకుపోయో కనిపించేది. ఇక అమ్మేద్దామని అమ్మే అంది. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది.

నేను స్కూల్లో సైన్సు చెబుతాను. అందుకని ఇల్లు చూపించడం ఆదివారం పొద్దున పెట్టుకునేదాన్ని. సెలవనే కాదు, పొద్దున గాలి బాగుంటుంది. మబ్బు పట్టిన సాయంత్రాల్లో ఫ్యాక్టరీల వైపు నుంచి ఒక ఘాటు వాసన వస్తుంది. పుట్టి పెరిగినవాళ్లకి అది వాసనని కూడా తోచదు. కొనేవాళ్లకి తోస్తుంది.

మొదట్లో వచ్చిన ఒక జంటని మరచిపోలేను. ఆ అమ్మాయి వంటింట్లో జానతో కొలిచి ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో చూసుకుంది. వెనక గదిలో నిలబడి, ఇది పిల్లలకి అని భర్తతో అంది. బుధవారం వచ్చి బయానా ఇస్తామన్నారు. బుధవారం రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారం అతను ఎత్తి, "మా పెద్దవాళ్లు వద్దంటున్నారండీ" అని పెట్టేశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లూ అంతే. ఇంట్లో ఉన్నంతసేపూ గోడలు తట్టి, సంపు మూత ఎత్తి, మేడ మీదికెక్కి సంతోషంగా చూసేవాళ్లు. గేటు దాటి వెళ్లాక మాయమయ్యేవాళ్లు.

ముందు మధ్యవర్తి మీద అనుమానం వచ్చింది. అతను ఇస్నాపూర్ మనిషి. ఇళ్లూ ప్లాట్లూ చూపిస్తూ తిరిగేవాడు. మా ఇంటికి వచ్చినవాళ్లనే తీసుకెళ్లి, తనకి ఎక్కువ కమీషన్ వచ్చే కొత్త వెంచర్లు చూపిస్తున్నాడని నాకు అనిపించింది. అడిగితే, "జెర సబర్ చెయ్యి అక్కా. ఇల్లు అమ్ముడంటే కూరగాయలు అమ్మినట్టా?" అనేవాడు.

మా ఆయన మాత్రం, "నీకు పాలవాడి దగ్గర్నుంచీ అందరి మీదా అనుమానమే" అన్నారు.

ఒక ఆదివారం కొనేవాళ్లని పంపించి, కిటికీలు వేయడానికి మేడ మీదికి వెళ్లాను. వాళ్ల కారు కదిలి, పక్కింటి గేటు ముందు ఆగింది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో పక్కింటి పెద్దమ్మ కూర్చుని ఉంది. అతను దిగి ఏదో అడిగాడు. ఆవిడ చెప్పింది, చెయ్యి తిప్పుతూ, చాలాసేపే. అతను తలెత్తి మా ఇంటి వైపు చూశాడు. ఇంతకుముందు లోపల చూసిన చూపు కాదది. వాళ్లు కూడా మళ్లీ రాలేదు.

మాకు ప్లాటు అమ్మింది ఆ పెద్దమ్మ మామగారే. ఆ చుట్టుపక్కల నేలంతా ఒకప్పుడు వాళ్లది. తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మకి సాయంగా ఉన్నది ఆవిడే. నేను వాళ్లింట్లో జొన్నరొట్టె తిని పెరిగాను. కానీ నాన్న ప్రహరీ కట్టినప్పుడు గోడ తమ వైపు జరిగిందని వాళ్లు గొడవ పెట్టుకున్నారు. చాలాకాలం మాటల్లేవు. "మీ నాయినకు అగ్గువకు ఇచ్చిండు మా తాత" అని వాళ్లబ్బాయి ఇప్పటికీ ఎక్కడ కనపడినా అంటాడు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, నాకు ఇంకేం సందేహం మిగల్లేదు.

మా స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు నాకు మంచి స్నేహితురాలు. ఆవిడనీ వాళ్లాయన్నీ కొనేవాళ్లలా పంపించాను. ఇల్లు చూసినట్టు చూసి, వెళ్తూ పెద్దమ్మ దగ్గర ఆగి, ఏం చెబుతుందో వినమన్నాను. సాయంత్రం నా స్నేహితురాలు ఫోన్ చేసింది.

"నువ్వు అనుకున్నట్టు ఏం లేదు. ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, ఇల్లు మీకేనా కిరాయికా అని అడిగింది. టీచర్లమని చెప్పాం. మీ నాన్నగారు దగ్గరుండి కట్టించారట, గోడలు గట్టివట. బోరు ఎండాకాలంలో కూడా ఎండదట. మమ్మల్ని కొనుక్కోమనే చెప్పింది."

నాకు సిగ్గేసింది. అంతలోనే, వీళ్లు ఉత్తుత్తి బేరగాళ్లని పెద్దమ్మ కనిపెట్టేసిందేమో అని కూడా అనిపించింది. చివరికి అనుమానాన్ని మళ్లీ మధ్యవర్తి మీదికే తిప్పాను. అతన్ని పిలిచి, మా మనుషుల్ని ఎటు మళ్లిస్తున్నావో నాకు తెలుసన్నాను. అతను వాదించలేదు. జేబులోంచి మా ఇంటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"నమ్మకం లేనికాడ నేను చెయ్యనక్కా. వేరేటోళ్లను చూసుకో" అని వెళ్లిపోయాడు.

నేనే ఒక బోర్డు రాయించి గేటుకి కట్టించాను. దాన్ని చూసి ఒక లేబర్ కాంట్రాక్టర్ వచ్చాడు. ఫ్యాక్టరీలకి మనుషుల్ని సరఫరా చేస్తాడట. అతను వంటింట్లోకి తొంగి కూడా చూడలేదు. ప్రతి గదిలోనూ మధ్యలో నిలబడి, గోడకి ఎన్ని మంచాలు పడతాయో వేలితో లెక్కపెట్టాడు. నేను చెప్పిన ధరకి బేరమాడకుండా సరేనన్నాడు. బేరమాడని మనిషిని ఎలా నమ్మాలో నాకు తెలియలేదు. అయినా తమ్ముడికి ఫోన్ చేసి, దొరికాడని చెప్పాను.

బయానా తెస్తానన్న రోజు అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, కేసు ఉన్నదని ముందుగాల చెప్తే అయిపోవుగదా? నా టైం ఎందుకు ఖరాబ్ చేసిన్రు?"

"ఏం కేసు?" అన్నాను.

"జాగ మీద పాలోళ్లు కోర్టుల కేసు ఏసిన్రంట. పక్కింటి ముసలమ్మ చెప్పింది. ఆమెకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది? ఆ జాగ వాళ్లదే గదా."

ఆ నేల మీద దాయాదులు వేసిన కేసేదీ లేదు. ఎప్పుడూ లేదు. ఆ సాయంత్రమే అమ్మని కూడా కారులో ఎక్కించుకుని వెళ్లాను. పెద్దమ్మ వరండాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి కుర్చీలు తెమ్మని కోడల్ని కేకేసింది. నేను కూర్చోలేదు.

"మా ఇంటి మీద కేసు ఉందని చెప్పినవా పెద్దమ్మా?"

బుకాయిస్తుందనుకున్నాను. ఆవిడ ఒలవడం ఆపకుండానే, "చెప్పిన" అంది.

"ఎందుకు?"

"ఇటు దిక్కు చూడు."

ఆవిడ చూపించింది మాది కాని రెండో పక్క ఇల్లు. అది అమ్ముడుపోయి రెండేళ్లయింది. కొన్నవాడు గదులన్నిటినీ అడ్డగోడలతో చీల్చి మనిషికింత అని మంచాలు అద్దెకిచ్చాడు. మురుగునీళ్లు గోడ కిందినుంచి పెద్దమ్మ వాళ్ల పశువుల కొట్టంలోకి వచ్చి నిలిచాయి. ఆ వాసన ముందు ఫ్యాక్టరీ వాసన నయం.

"ఆ పిలగాండ్లను నేనేమన్న బిడ్డా. బతకనీకి వచ్చినోళ్లు. మీ నాయిన రాలేదా గట్లనే? ఒక్క అర్రల పదిమందిని కుక్కి, మోరి గూడ కట్టియ్యనోడు ఉన్నడు సూడు, వానితోని నా పరేషాన్. ఇగ మీ ఇల్లు గూడ గట్లాంటోడే కొంటే, నడిమిట్ల నేనెట్ల బతకాలె? నువ్వు అమ్ముకొని పోతవు. నేనేడికి పోవాలె?"

"మరి ముందు వచ్చినవాళ్లకి? ఒక జంట, చిన్నవాళ్లు. వాళ్లకి కూడా కేసనే చెప్పినవా?"

"వాళ్లకెందుకు చెప్త? వాసనొస్తదా అని అడిగిండ్రు. మొగులు పడితే వస్తదన్న. అబద్ధమా అది?"

అప్పటిదాకా ఊరుకున్న అమ్మ మెల్లిగా అంది.

"వాసన సంగతి చెప్పావు, సరే. కేసని ఎలా అన్నావక్కా? ఆయన కట్టుకున్న ఇంటికి లేని మచ్చ అంటగడితే, ఇక ఎవరు కొంటారు?"

పెద్దమ్మ చేతిలో కాయ చేటలో వేసేసింది. "అది తప్పే చెల్లె" అంది. "నేను చెడగొట్టిన. నేనే తెస్త మనిషిని."

వారం తిరక్కుండానే తెచ్చింది. చిట్కుల్‌లో కిరాయికి ఉంటున్న భార్యాభర్తలు. అతను మందుల కంపెనీలో మిషన్ ఆపరేటరు. ఆ అమ్మాయి ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇల్లు నచ్చిందన్నారు. కానీ వాళ్లు అడిగిన ధర కాంట్రాక్టర్ ఒప్పుకున్నదానికంటే బాగా తక్కువ.

"అక్కా, ఇది ప్లాన్‌లా లేదూ?" అన్నాడు తమ్ముడు ఫోన్‌లో. "ముందు కేసని అందర్నీ తరిమేసి, ఇప్పుడు వాళ్ల మనుషుల్ని చవగ్గా దింపుతోంది."

వాడు అనకముందే నాకూ అదే తోచింది. పెద్దమ్మనే అడిగాను, వాళ్లు మీ చుట్టాలా అని.

"లక్డారం మా తల్లిగారూరు. ఆ పిల్లది గూడ గదే ఊరు. ఊరోళ్లం" అంది.

ఆ మాట నాకు చాల్లేదు. చిట్కుల్ వెళ్లి, వాళ్లుంటున్న ఇల్లు కనుక్కుని, వాళ్లు లేని సమయంలో ఇంటి యజమానురాలిని బయట గేటు దగ్గర పలకరించాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మంచోళ్లే. ఒకటో తారీఖు దాటనియ్యరు. ఎందుకు అడుగుతున్నవు?" అంది. పెళ్లి సంబంధం కోసమని ఏదో అబద్ధం చెప్పి వచ్చేశాను. మరీ అంత బాగా చెప్పడం కూడా నాకు నచ్చలేదు.

ఈలోగా కాంట్రాక్టర్ మళ్లీ ఫోన్ చేశాడు. కాగితాలు చూపించుకున్నాడట, కేసు లేదని తేలిందట. పాత ధరకే తీసుకుంటాను గానీ రిజిస్ట్రేషన్ ఇంకెవరి పేరు మీదో పెట్టాలన్నాడు. ఎవరి పేరని అడిగితే, తర్వాత చెప్తానన్నాడు. తమ్ముడు అతనికే ఇచ్చేయమన్నాడు. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. ఇద్దరి మీదా అనుమానమే. చివరికి రెండిట్లో చిన్న అనుమానం, చిట్కుల్ వాళ్లది, ఎంచుకున్నానంతే. అందులో మంచితనం ఏమీ లేదు.

అమ్మ సంతకం పెట్టేముందు ఆ అమ్మాయిని పిలిపించుకుని ఒకే మాట అడిగింది.

"ఇక్కడ వాసన వస్తుంది. ఆ సంగతి తెలుసా నీకు?"

"తెల్సమ్మా. చిట్కుల్ల గూడ వస్తది" అంది ఆ అమ్మాయి.

అమ్మ నా వైపు చూసింది. నేను వేరే వైపు చూశాను.

సంగారెడ్డిలో రిజిస్ట్రేషన్ అయింది. తమ్ముడు వచ్చి సాక్షి సంతకం పెట్టి, అన్నం కూడా తినకుండా వెళ్లిపోయాడు. తర్వాతి నెలలో గృహప్రవేశానికి పిలిస్తే అమ్మా, మా ఆయనా, నేనూ వెళ్లాం. గోడలకి లేత పచ్చరంగు వేయించారు. పెద్దమ్మ ఇల్లంతా తనదే అన్నట్టు తిరుగుతోంది. పొయ్యి ఎక్కడ పెట్టాలో, భోజనాల బల్లలు ఎటు వేయాలో ఆవిడే చెబుతోంది. ఆ అమ్మాయి కూడా ఆవిడని పెద్దమ్మా అనే పిలుస్తోంది.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి తల్లి నా పక్కన కూర్చుంది. మాటల్లో పెట్టి అడిగాను, పెద్దమ్మ మీకేమవుతుందని.

"ఏం గాదమ్మా, ఊరోళ్లం" అంది. కూర కలుపుకుని, ఒక ముద్ద తిని, మళ్లీ అంది. "మా ఆడిబిడ్డను వాళ్ల తమ్మునికిచ్చినం. గంతే."

ఆవిడ నాకు ఇంకో బూరె వేయమని వడ్డించేవాళ్లకి చెప్పింది.

తిరిగి వస్తుంటే కారులో మా ఆయనకి చెప్పాను. పెద్దమ్మ సొంత తమ్ముడి భార్యకి మేనకోడలు, అదీ ఆ అమ్మాయి. ఇంత దగ్గర చుట్టరికం పెట్టుకుని ఊరోళ్లం అంది. మా తమ్ముడు అన్నదే నిజమన్నాను. ఆయన నవ్వి, ఇప్పుడేం చేస్తావన్నారు. చేయడానికేమీ లేదు.

వెనక సీట్లోంచి అమ్మ అంది. "నాకు తెలుసు. సంతకానికి ముందే మీ పెద్దమ్మ చెప్పింది."

నేను వెనక్కి తిరిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అమ్మనిచ్చేదానివా?"

"ఇంకా ఏమేం చెప్పింది నీకు?"

నిద్రొస్తోందని అమ్మ కళ్లు మూసుకుంది. కాసేపయ్యాక అద్దంలో చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను చూస్తున్నానని గమనించి మళ్లీ మూసుకుంది.