సత్రపట్టి చుట్టమై వచ్చిన మా వదిన

పోయిన ఆదివారం టీవీలో ఒక పాత సినిమా వేశారు. దానికి ముందు, అందులో నటించిన మా వదిన, అంటే మా ఆయన అక్క, గురించి చిన్న కార్యక్రమం వచ్చింది. ఆమె పెద్దన్న, అంటే మా పెద్ద బావగారు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా వరండాలోనే కూర్చుని, చెల్లెల్ని తామే దీవించి సినిమాలకు పంపామనీ, తల్లి చివరి రోజుల్లో తానే బండి పంపి ఆమెను ఇంటికి రప్పించాననీ కళ్ళు ఒత్తుకుంటూ చెప్పారు. నేను టీవీ కట్టేశాను. మా కోడలు మళ్ళీ పెట్టింది. నేను మళ్ళీ కట్టేశాను.

నేను అబద్ధాలకోరునన్నది తమిళనాట మా రాజపాళయంలో దాచిన సంగతేమీ కాదు. మా పుట్టింటి గుమ్మడికాయ ఒకటి బండికెక్కిస్తే ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడ్డాయనీ, మా వదిన తెర మీద ఏడిస్తే టాకీసులో నేల టిక్కెట్టు వాళ్ళు చీలమండల దాకా తడిసి ఇంటికి పోయారనీ చెప్పి ఇన్నేళ్ళూ నలుగురినీ నవ్వించినదాన్ని. అయితే నా అబద్ధాలు ఎవరినీ దోచుకోలేదు. బావగారిది దోపిడీ. ఆ బండి పంపినది నేను!

మా వదిన మద్రాసులో కాపురం చేస్తుండగా భర్త పోయాడు. ఇంటికొచ్చి మూల కూర్చోమని బావగారు కబురు చేస్తే, ఆమె రాకుండా సినిమాల్లో గుంపు నాట్యాల్లో చేరింది. అక్కడినుంచి నాయిక చెల్లెలి వేషాలకూ, మరి నాలుగేళ్ళకు నాయిక వేషాలకూ ఎదిగింది. ఆమె బొమ్మ మా వీధి చివర పత్తి జిన్నింగు మిల్లు గోడ మీద అంటిస్తే, బావగారు మనిషిని పెట్టి సున్నం కొట్టించేవారు, సినిమావాళ్ళు ఆ సున్నం మీదే ఇంకొకటి అంటించేవారు. ఆ గోడ సగం ఇటుకా సగం మా వదినా అని నేనంటే మా ఆయన నవ్వాపుకోలేక పెరట్లోకి పోయేవారు. ఆమె తల్లికి రాసిన ఉత్తరాలన్నీ గడపలోనే చిరిగిపోయేవి.

నేను ఆ ఇంట చిన్న కోడలినై రెండేళ్ళయిందేమో, అత్తగారు మంచం పట్టారు. అన్నం నోట పెట్టుకోకుండా, కూతుర్ని ఒక్కసారి చూస్తే చాలని నా చెయ్యి పట్టుకునేవారు. ఆ పేరు ఎత్తే ధైర్యం మా ఆయనకే లేదు. నేను మాత్రం ఉత్తరం రాసి, వదినను తిన్నగా సత్రపట్టిలో మా అమ్మ దగ్గరికి రప్పించి, మా పెద్దమ్మ కూతురు, కొత్త పెళ్ళికూతురు, రోగులకు సేవ చెయ్యడంలో చెయ్యి తిరిగినది, సాయానికి వస్తోందని ఇంట్లో చెప్పి, సత్రపట్టికి బండి పంపాను.

ఆ కాలపు మా ఇళ్ళ ఆచారం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్ళు తెర కట్టిన బండిలోనే కదలాలి. దిగేటప్పుడు బండికీ గడపకూ మధ్య రెండు పక్కలా దుప్పట్లు పట్టాలి, మగవాళ్ళు మొహం తిప్పుకోవాలి. అలా జిల్లా అంతా గుర్తుపట్టే మొహం తన బొమ్మ అంటించిన గోడ పక్కనుంచే వచ్చి మా గడప దాటింది. అందరికంటే ముందు మొహం తిప్పుకున్నది బావగారే. పైగా బండివాణ్ణి గద్దించారు కూడా: “ఏందిరా ఆ చూపు? అట్ల తిరుగు!”

మా అమ్మ ఆమెకు బొట్టు పెట్టి, రెండు చేతులా గాజులు తొడిగి పంపింది. అత్తగారు ఆ గాజుల్ని ఒక్కొక్కటే తడిమి చూశారు. తర్వాత బయటికి వినపడేలా గొంతు పెంచి, “సత్రపట్టి పిల్లా, ఈ గంజి కాచేది నీకు ఎవురే నేర్పినారు? మీ అమ్మ మంచి కెట్టికారియే!” అన్నారు. గట్టిమనిషే అని మెచ్చుకోలు. ఆ ఇంటికి నటన ఎటునుంచి వచ్చిందో నాకప్పుడు తెలిసింది. మూడు రోజులు అత్తగారు కడుపునిండా తిన్నారు.

మూడోనాడు బావగారు తలుపు వెలుపల నిలబడి, లోపలికి చూడకుండానే అన్నారు: “ఏమ్మా, నువ్వు చల్లగా ఉండాల. కన్న కూతురు మాదిరి చేస్తా ఉండావు. మా ఇంట్లోనూ ఒకతి పుట్టినాది. అమ్మ ఉండాదా పోయినాదా అని ఒక జాబు రాసినాదా? సినిమా పడంలో ఏడ్చేదానికి మాత్రం దానికి కన్నీళ్ళు ఉండాయి.”

ఆమె రాసిన జాబులు చించిన చేతులే ఆయనవి. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త పెళ్ళికూతురు పరాయి మగవాడికి నోటితో బదులు చెప్పకూడదు గనుక, వదిన పెదవి కొరుక్కుని గాజులు రెండుసార్లు కదిపింది. మా ఇళ్ళలో దానికి సరేనని అర్థం.

ఆమె షూటింగుకు వెళ్ళిపోయిన వారానికి, అత్తగారు ప్రాణం పోయేముందు పెద్దకొడుకును పిలిచి నిజం చెప్పేశారు, పగ వదులుతాడని ఆశపడి కాబోలు. ఆయన బయటికి వచ్చి, ఆ గది కడిగించారు. తల్లి ఇంకా మంచం మీద ఉండగానే, మంచం కాళ్ళ చుట్టూ పసుపునీళ్ళు పారాయి. ఆవిడ పోతే మద్రాసుకు తంతి కూడా ఇవ్వనివ్వలేదు. నన్ను రెండేళ్ళు పుట్టింటికి పంపలేదు. ఇప్పుడాయన బండి పంపారట! నిజం చెబుదామంటే, ‘ఇదీ నీ గుమ్మడికాయ కథే కదత్తా’ అని మా కోడలే నవ్వుతోంది.

ఇప్పుడు మా వీధిలో తెరలు లేవు. మిల్లు యజమానుల ఆడపిల్లలు స్కూటర్ల మీద కాలేజీకి పోతున్నారు. చూసి సంతోషిస్తాను. కానీ తల్లి వేషాలు కూడా తప్పిపోయాక, మా వదిన పోయేముందు మద్రాసులో అద్దె ఇంట్లో ఆరునెలలు మంచాన పడి, ఒకసారి వచ్చి పొమ్మని నాకు జాబు రాసింది. అప్పటికి బావగారి మాట ఇంట్లో చెల్లడం మానేసి ఎన్నేళ్ళో అయింది. మా ఆయన వెళ్ళి రమ్మనే అన్నారు. మద్రాసు బస్సు మా వీధి మొదట్లోనే ఆగుతుంది. కందులు ఎండబెట్టాలనీ, మనవరాలి చెవులు కుట్టించాలనీ, ఈ వారం కాదు వచ్చే వారమనీ అనుకుంటూనే ఉన్నాను. నేను వెళ్ళలేదు.