జవాబు రాని గది

మూడేళ్ల కిందట, వేసవి సెలవులకు కోర్టు మూసే ముందు రోజు, ఫిలింనగర్‌లో మూడంతస్తుల భవనానికి సీలు వేసే పని నా చేతికొచ్చింది. నేను సివిల్ కోర్టులో బెయిలిఫ్‌ని. జడ్జిగారు కాగితం మీద రాసినదాన్ని వీధిలో జరిపించేది మేమే. ఈ పనిలో ఆడవాళ్లు తక్కువ. నేను కనబడగానే అసలు బెయిలిఫ్ ఎక్కడా అని నా వెనక్కి చూసేవాళ్లు చాలామంది.

ఆ భవనాన్ని పగలు షూటింగులకు అద్దెకిస్తారు. రాత్రయితే పబ్బు. ఆ మోతకు వెనక వీధిలో కిటికీలు అదిరేవి, పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. కాలనీవాళ్లు పబ్లిక్ న్యూసెన్స్ అని దావా వేశారు. అంటే ఒక్కరికి కాదు, చుట్టుపక్కల అందరికీ పీడ అని. సౌండు ఆపమని కోర్టు ఇంజంక్షన్, అంటే నిషేధ ఉత్తర్వు, ఇచ్చింది. యజమాని ఖాతరు చేయలేదు. దాంతో భవనాన్ని అటాచ్ చేసి, అంటే కోర్టు స్వాధీనంలోకి తీసుకుని, మూసేయమన్నారు.

అటాచ్‌మెంట్‌ని డప్పు కొట్టించి చాటాలి. డప్పు మోగగానే జనం పోగయ్యారు. మా వెంట స్టేషన్ నుంచి ఇద్దరు కానిస్టేబుళ్లు కూడా ఉండేసరికి అందరూ షూటింగే అనుకున్నారు. బండి ఆపిన ఒకాయన "ఏ సినిమా మేడమ్?" అన్నాడు. కోర్టు పని, నేను బెయిలిఫ్‌ని అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "బెయిలిఫ్ అంటే జర మొహం గట్టిగుండాలె మేడమ్," అని సలహా ఇచ్చి పోయాడు.

లోపల మేనేజర్‌కు తొందర. "అంతా ఖాళీ అండీ. షూటింగ్ వాళ్లను పొద్దున్నే పంపించేశాను. కరెంటు కూడా తీయించేశాను. సీలు వేసేయండి."

"ప్రతి గదీ నేను చూడాలండీ."

"పైన పాత కుర్చీల గదులేనండీ. లిఫ్టు పనిచేయదు. ఈ ఎండలో మీకెందుకండీ శ్రమ?"

నాకు మోకాళ్ల నొప్పులు, ఆయన మాట తియ్యగానే ఉంది. కానీ ఎవరైనా తొందరపెడితే నాకు మొండితనం వస్తుంది. పైగా ఒకసారి పడ్డ సీలును కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరూ తీయకూడదు. మర్నాటి నుంచి సెలవులు. లోపల మనిషి ఉండిపోతే ఏమిటి గతి? అందుకే ప్రతి గది ముందూ కేకేసి, తలుపు నేనే తెరుస్తాను. తోటివాళ్లు దాన్ని నా పిచ్చి అనేవారు.

మూడో అంతస్తు చివరి గది ముందు "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాను. జవాబు లేదు. తలుపు తోశాను. గుప్పున వేడి కొట్టింది. కుర్చీల మధ్య ఖాకీ యూనిఫామ్‌లో ఒక ఆడ కానిస్టేబుల్ చెమటతో తడిసి ముద్దయి, నిటారుగా కూర్చుని ఉంది. స్టేషన్ మనిషే అనుకున్నాను.

"మాకంటే ముందే వచ్చారా?"

ఆవిడ లేచి టోపీ సర్దుకుంది. "షాట్ రెడీనా మేడమ్?"

ఆవిడ కానిస్టేబుల్ కాదు. పేరు యాదమ్మ. కృష్ణానగర్‌లో ఉంటుంది, జూనియర్ ఆర్టిస్టు. పొద్దున ఆవిడను అక్కడ కూర్చోబెట్టినవాళ్లు, షూటింగ్ ఆగిపోయాక మరిచిపోయి వెళ్లారు. ఫోను ఉన్న ఆవిడ సంచి వాళ్ల వ్యాన్‌లోనే ఉండిపోయింది.

"డప్పు వినబడలేదా? నేను పిలిస్తే పలకలేదేం?"

"అన్ని వినబడ్డయి మేడమ్. సీన్ నడుస్తుందనుకున్న. నడుమల నోరిప్పితే తిడుతరు కద. పిలిచేదాక బయటకు రావద్దన్నరు."

కిందికి తీసుకొచ్చి నీళ్లు తాగించాను. మేనేజర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు మీద లక్క కరిగించి ముద్ర వేస్తుంటే యాదమ్మ దగ్గరగా వచ్చి చూసింది.

"సినిమాల శాన ఇండ్లకు తాళమేసిన మేడమ్. లోపల ఎవరన్న ఉన్నరా అని ఒక్కసారి గూడ అడగలే."

పంచనామాకు, అంటే జరిగింది జరిగినట్టు రాసే కాగితానికి, సాక్షులు కావాలి. యజమానికి భయపడి చుట్టుపక్కలవాళ్లు వెనక్కి తగ్గారు. ఎవరూ పోలీసనుకోకుండా నా చున్నీ యూనిఫామ్ మీద కప్పుకుని యాదమ్మ ముందుకొచ్చింది. లోపల ఎవరూ లేరని సంతకం చేసింది, లోపలి నుంచి వచ్చిన మనిషే.

ఆ రాత్రి వెనక వీధి నిశ్శబ్దంగా నిద్రపోయిందట. యాదమ్మ తన ఇంట్లో నిద్రపోయింది. ఈ ఉద్యోగం చేస్తున్నందుకు నేను అంతగా గర్వపడ్డ రోజు మరొకటి లేదు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లను నా వెంట పంపుతున్నారు. కేకేయడం వాళ్లకు ఎవరైనా నేర్పుతారు. నేను నేర్పేది, జవాబు రాకపోయినా తలుపు తెరవడం.